ఇన్నయ్య కచ్చాకుట్టు

“చిన్నప్పుడు మాకు బేరింగులు మూడే దొరికినయ్యమ్మా. నాలుగోదాని కోసం చీరాలంతా తిరిగాం, దొరకలా. అందుకని మా బండికి మూడే చక్రాలు. ఇప్పుడు ఇక్కడోళ్ళేమో ల్యాండ్ యాట్‌కి మూడు చక్రాలే ఉండాల, దానెనక పెద్ద లెక్కుంది అంటారు. మాకు లెక్కా లేదు, డొక్కా లేదు. నాలుగో బేరింగు లేదు, అంతే.”

మాట ఆపకుండానే బాలశౌరి బండి కిందనుంచి చెయ్యి చాపాడు. లోహిత స్పానరు అందించింది.

“ఇది కాదు. పదమూడోది.”

ఆమె పదమూడో నంబరుది వెతికి ఇచ్చింది. ఎన్నిస్ ఊరి చివర, ఒకే అచ్చులో పోసినట్టున్న వరస ఇళ్ళలో బాలశౌరి ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డు అది. అందులో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆయన మాటలు వినడం లోహితకు రెండేళ్ళ అలవాటు. సిద్ధిపేట నుంచి లిమరిక్‌కు ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి వీళ్ళింట్లో పైగది అద్దెకు తీసుకుంది. చదువైపోయి షానన్‌లో ఉద్యోగం వచ్చినా గది మారలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అబిగేయిల్ ఆంటీ చేసే చేపల పులుసు అని చెప్పేది. అసలు కారణం ఈ బకెట్టు.

ఇంతకీ ఆయన కింద దూరి బిగిస్తున్నది నేలమీద నడిచే పడవ. తెరచాప కట్టిన మూడు చక్రాల బండి. ఇంజను లేదు, బ్రేకు లేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గట్టిపడిన తడి ఇసుక మీద గాలే దాన్ని తోస్తుంది. కూతురు చిన్నప్పుడు పడుకున్న ఇనుప మంచం కోసి చట్రం చేశాడు. తోటపని బళ్ళు రెండింటివి, పక్కింటివాళ్ళు పారేసిన ఇంకోదానిది కలిపి మూడు చక్రాలు. కాళ్ళు కోసేసిన ప్లాస్టిక్ కుర్చీ ఆసనం. అతుకు పెట్టాల్సిన చోటల్లా పాడ్రిగ్ పెట్టిచ్చాడు. పాడ్రిగ్ ఆయనతోపాటు షానన్ గోదాములో పదిహేనేళ్ళు పనిచేసిన వెల్డరు. కుర్రతనం నుంచీ ఈ బళ్ళ పిచ్చి ఉన్న మనిషి. ఏడాదికొకసారి తనలాంటి పిచ్చివాళ్ళు అయిదారుగురు ఇంట్లో చేసుకున్న బళ్ళు వేసుకుని కెర్రీలోని ఇంచ్ తీరానికి పోతారు. ఈసారి నువ్వూ రావాలని బాలశౌరిని పట్టుపట్టి పిలిచాడు. ఆ ప్రయాణం వచ్చే శనివారం. ఈ రోజు మంగళవారం.

షెడ్డు తలుపు దగ్గర భార్య అబిగేయిల్ రెండు కప్పుల టీతో నిలబడింది. ముప్పై అయిదేళ్ళుగా నర్సు. ఆమె ఎక్కడ నిలబడ్డా వార్డు తనిఖీకి వచ్చినట్టే ఉంటుంది.

“ఆ పిల్ల ఇంట్లో ఉండి పని చేసుకునే రోజు అంటే ఆఫీసు పని చేసుకోవాలని. నీకు స్పానర్లందించాలని కాదు.”

“లంచ్ టైమే ఆంటీ,” అంది లోహిత.

“ఏం లంచో. మంచం కోశాడు, కుర్చీ కాళ్ళు కోశాడు, బళ్ళ చక్రాలు పీకాడు. ఈ ఇంట్లో ఇంకా సరిగ్గా నడుస్తున్నది నేనూ, ఫ్రిజ్జూ. మా ఇద్దర్లో ఎవరి వంతు ముందో తెలీదు.”

“ఫ్రిజ్జుకి చక్రాలున్నయ్యా?” బండి కిందనుంచి గొంతు వినపడింది.

“భుజం ఎట్టా ఉంది?”

కింద స్పానరు చప్పుడు ఎక్కువైంది.

భుజం సంగతి లోహితకు తెలుసు. రెండు శనివారాల కిందట తాముండే క్లేర్ తీరంలోనే ఒక చిన్న ఇసుకమేట మీద బండిని పరీక్షకు తీసుకెళ్ళారు. గాలి మరీ పెద్దదేం కాదు. తెరచాప ఎత్తగానే అది నిండు చూలాలి కడుపులా ఉబ్బింది. బండి ముందుకు కదలకుండా పక్కకు లేచింది. ఒక చక్రం ఆకాశంలోకి, బాలశౌరి ఇసుకలోకి. అటుగా కుక్కను తిప్పుతున్న ముసలాయన దగ్గరికొచ్చి, ‘గ్రాండ్ డే ఫర్ ఇట్’ అని పలకరించి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక అబిగేయిల్ భుజానికి కట్టు కట్టి ఒకటే మాట చెప్పింది: “ఇంకోసారి పడితే నేను కట్టను. వెళ్ళి జీపీ డాక్టరు దగ్గర లైన్లో కూర్చో.”

పాడ్రిగ్ ఆ రోజే తెరచాపను అరచేత్తో తడిమి చూశాడు. ఇది పడవకు కుట్టిన తెరచాప అన్నాడు. నీళ్ళలో బరువైన పడవను లాగడానికి ఆ ఉబ్బు కావాలి. ఇసుక మీద బండి గాలికంటే జోరుగా పోతుంది, దానికి తెరచాప పలకలా చదునుగా ఉండాలి. నడిమి గుడ్డ కత్తిరించి కుట్టుకో, లేదంటే నా ప్లాస్టిక్‌ది అదనంగా ఒకటుంది వాడుకో అన్నాడు. ఇంకోమాట కూడా చెప్పాడు, కాస్త మెల్లగా. బట్టను రెండు వేళ్ళతో నలిపి, దీనికి ఇంకో వేసవి లేదు శౌరీ అన్నాడు. ఈ ఏడు గాలికి ఎత్తకపోతే వచ్చే ఏడు మడతలోనే చిరుగుతుంది.

అప్పటినుంచీ షెడ్డులో బల్ల మీద ఒక పెద్ద కత్తెర ఉంది. లోహిత రోజూ చూస్తోంది. ఒకరోజు తెరచాప మీద ఉంటుంది. మర్నాడు రంగు డబ్బాల పక్కన. ఇవాళ కిటికీలో, పాత పేపరు కింద. కత్తెర తిరుగుతోంది కానీ దేన్నీ కత్తిరించడం లేదు. ప్లాస్టిక్ తెరచాప సంగతి ఆయన అసలు ఎత్తనే లేదు.

బాలశౌరి బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. అరవై మూడేళ్ళు. గడ్డం నెరిసింది, మోకాలికి ఆపరేషనయింది, కానీ టీ కప్పు అందుకునే చేతులు మాత్రం ఇంకా ఏదో విప్పి చూడాలన్నట్టే ఉంటాయి.

“చినగంజాం ఉప్పు కొఠార్లు చూశావా ఎప్పుడన్నా?”

“నేనెక్కడ చూస్త అంకుల్. నేను సముద్రమే ఈడికొచ్చినంక చూసిన.”

“అవును గదా, చెరువుల పిల్లవి. ఎండాకాలం చివర్లో ఉప్పంతా ఎత్తేశాక మళ్ళు ఎండి అద్దంలా ఉండేయి. కిలోమీటరు పొడుగున చిన్న గడ్డి పరక గూడా ఉండదు. మేం బేరింగుల బండి చేశాం గదా, దానికి వెదురుబొంగు నిలబెట్టి గోతాం గుడ్డ కట్టాం. నేనెక్కేవాణ్ణి. మా తమ్ముడు ఆమోసు నెట్టేవాడు. గాలి పట్టిందా, ఇంక ఆపేవాడు లేడు. ఉప్పు నిలవచేసే గల్లు గోడకి గుద్దుకుంటేనే ఆగేది. నెత్తురొస్తే ఉప్పు నేలేగా, ఆ మంట ఆ మంటే.”

“ఆమోసు అంకుల్‌కు వంతు రాలేదా?”

ఆయన నవ్వాడు. “వాడు ఇప్పటికీ అదే అడుగుతాడు.”

తండ్రి ఇన్నయ్య తెరచాపలు కుట్టేవాడు. వాడరేవు మొదలుకుని ఆ ఒడ్డు వెంబడి తెప్పలవాళ్ళు, నావలవాళ్ళు ఆయన కోసం వచ్చేవాళ్ళు. కోరా నూలుబట్ట పట్టీలుగా కోసి, అంచులు కలిపి కుట్టి, తుమ్మచెక్క ఉడకబెట్టిన కషాయంలో రెండు రోజులు నానేసేవాడు. ఎర్రమట్టి రంగులోకి తిరిగేది. ఇంట్లో అన్నం కూడా తుమ్మచెక్క వాసన వేసేదని బాలశౌరి చాలాసార్లు చెప్పాడు. లోహితకు ఆ వాసన తెలుసు. హాట్ ప్రెస్ తెరిస్తే వచ్చేది అదే. వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అల్మరాను ఇక్కడ అలా అంటారు. ఈ తడి దేశంలో బూజు పట్టకుండా ఉండేది ఆ ఒక్క చోటే. అందుకని ఇరవై ఏళ్ళుగా తెరచాప కాపురం అందులోనే, తువ్వాళ్ళ పక్కన. మొదట్లో ఆసుపత్రిలో తోటి నర్సులు అబిగేయిల్ దగ్గర ఏదో చెట్టు వాసన వస్తోందనేవాళ్ళట. ఆమె ఆ సంగతి ఎవరింటికెళ్ళినా చెబుతుంది.

“ఒడ్డున కొత్త తెరచాప ఎత్తడమంటే పండగే,” అన్నాడు బాలశౌరి. “నేను వేసంకాలం సెలవలకి వచ్చినప్పుడు చూసేవాణ్ణి. తొమ్మిదేళ్ళకే ఫాదర్లు గుంటూరు బోర్డింగులో చేర్చారు గదా. పడవని ఒడ్డునే నిలబెట్టి తెరచాప ఎత్తేవాళ్ళు. మా అమ్మ దూరంగా నడుచుకుంటా పోయేది. రెండొందల అడుగులు. లెక్కపెట్టుకుంటా పోయేది. పోయి వెనక్కి తిరిగి చూసేది. చూసి కొంగు ఊపేది. అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆ ఊపుడు చూట్టానికి పిల్లలందరం పోయేవాళ్ళం. మొగుడి పనితనం చూసుకుని మురిసిపోతంది అనుకునేవాణ్ణి.”

దీని తర్వాత ఏమొస్తుందో లోహితకు తెలుసు, అయినా మొదటిసారి వింటున్నట్టే వింటుంది.

“ఇంజన్లొచ్చినయ్. ఒక్కోడూ తెరచాప మానేశాడు. ఎనభై తొమ్మిదిలో ఒకాయన తెప్పకి చిన్న తెరచాప చెప్పాడు. నాన్న కుట్టాడు. ఆయన రాలా. ఈలోపల ఆయనా ఇంజను పెట్టుకున్నాడు. నాన్న అడగనూ లేదు, మళ్ళీ తెరచాపకి సూది పట్టనూ లేదు. రెండేళ్ళకి పోయాడు. పనిముట్లు ఆమోసు తీసుకున్నాడు. నేను తెరచాప తెచ్చుకున్నా. ఇక్కడికొచ్చేటప్పుడు సూట్‌కేసు బరువెక్కువైతే మీ ఆంటీ రోకలి తీసేసి దీన్ని పెట్టా. దానికి ఇప్పటికీ తిట్లు తింటన్నా. వచ్చాక ఒకరోజు పరిచి చూశా. అయిదు పట్టీలు. చివరి రెండు అతుకులూ రాయిలాగున్నయ్. నడిమి రెండు అతుకులు మాత్రం పొడుగు పొడుగు కుట్లు, వదులు వదులుగా. చెయ్యి పెడితే జారతన్నయ్. ఎంత పనితనం ఉన్న మనిషి... చూపు పోయిందమ్మా నాయనకి. ఎవరికీ చెప్పలా. కళ్ళు కనపడక తడుముకుంటా కుట్టుకున్నాడు.”

ఆ రోజు ఏం చేశాడో కూడా లోహితకు తెలుసు. అబిగేయిల్ మిషను మీద నైలాన్ దారంతో ఆ రెండు అతుకుల మీదా మూడేసి వరసలు కుట్టేశాడు. తండ్రి చివరి కుట్టు జారిపోకుండా.

ఇప్పుడు ఆ గుడ్డనే కత్తిరించాలి.

“ఒక్కసారి,” అన్నాడు బాలశౌరి, కిటికీలో కత్తెర వైపు చూడకుండా. “ఒక్కసారి అది గాలికి నిండుగా పోతా ఉంటే చూడాలని. ప్లాస్టిక్‌ది కట్టుకుపోతే నేను పాడ్రిగ్ బండెక్కినట్టే. ఆయన కుట్టింది కోస్తే, ఇంక అది ఆయన కుట్టిందెట్టా అవుద్ది?”

“ఆమోసు అంకుల్‌ను అడగరాదా?”

“వాణ్ణేమడుగుతా.”

“ఆయనే గదా అంకుల్ నాన్నతోని పని చేసింది. మీరు బోర్డింగుల ఉన్నరు. ఆయన దగ్గరున్నడు.”

బాలశౌరి టీ అంతా తాగాడు. కప్పులో ఏమీ లేకపోయినా ఇంకోసారి తాగాడు.

“తెరచాప నేను తీసుకుపోతా అన్నప్పుడు వాడొక మాట అనబోయాడు. అన్నా, అది... అని. నేను అననీలా. పనిముట్లు నీకు, ఇది నాకు, సరిపోయింది అన్నా. ముప్పై అయిదేళ్ళయింది. ఆదివారం ఆదివారం ఫోను చేసుకుంటాం. దాని మాట ఎత్తలేదు వాడూ, నేనూ.”

“ఇప్పుడు అక్కడ సాయంత్రం ఆరున్నర,” అంది లోహిత.

అబిగేయిల్ తలుపు దగ్గరనుంచి కదలలేదు. “చెయ్యి,” అంది. “ముప్పై అయిదేళ్ళు మూసిపెట్టిన పుండు. కట్టు విప్పితే గాని తెలీదు ఎండిందో లేదో.”

వీడియో కాల్లో ఆమోసు ముఖం కంటే ఆయన ఇంటి కప్పు ఎక్కువ కనపడింది. తరవాత ఒక చెవి. తరవాత మనిషి.

“ఏందన్నా, మంగళారం చేశావ్? వదిన బాగానే ఉందా?”

“బాగానే ఉంది. నాన్న తెరచాప చూపిద్దామని.”

లోహిత ఫోను పట్టుకుని తెరచాప మీదుగా మెల్లగా నడిపించింది, ఒక అంచునుంచి ఇంకో అంచుకు.

“ఆగమ్మా. నడిమికి రా. ఇంకా దగ్గిరికి పెట్టు. ఆ తెల్లదారం ఏంది?”

“నేను వేశా,” అన్నాడు బాలశౌరి. “నాన్న కుట్టు వదులైపోయింది గదా. చూపు ఆనక...”

ఆమోసు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు ముక్కుతో, తరవాత దగ్గుతో, తరవాత రెండూ కలిసి వచ్చేదాకా. ఎవరో ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

“చూపా. నాన్నకా. పోయిన రోజు పొద్దున కూడా సూదిలో దారం తనే ఎక్కించుకున్నాడు. అది వదులుకుట్టు కాదన్నా. కచ్చాకుట్టు.”

“కచ్చాకుట్టు తెరచాపకెందుకు?”

“తెరచాపకి కాకపోతే దేనికి? కొత్తదానికి నడిమి రెండతుకులూ ఎప్పుడూ కచ్చాకుట్టే వేసేవాడు. ఏ పడవకి ఎంత కడుపు కావాలో ఇంట్లో కూచుంటే తెలవదు. ఒడ్డుకి తీసుకపోయి గాలి చూపించాల. అమ్మ రెండొందల అడుగులు పోయి చూసేది. పైన ఉబ్బెక్కువైతే కొంగు పైకి, కిందైతే కిందికి. ఆ చోట కచ్చాకుట్టు లాగేసి, రెండు వేళ్ళో మూడు వేళ్ళో లోపలికి తీసి మళ్ళీ వేసేవాడు. మళ్ళీ ఎత్తేవాళ్ళు. అమ్మ సరే అన్నాక, అప్పుడు పక్కాకుట్టు. అప్పుడు తుమ్మచెక్క ఇంకోసారి. ఆ తెప్పాయన రాలేదు గదా. నీ తెరచాప గాలి చూడనేలేదు.”

బాలశౌరి బల్ల మీద పరిచిన గుడ్డ మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన జాలిపడిన కుట్టు అది. ఇప్పుడు ఎవరిమీద జాలిపడాలో తెలియనట్టు చూశాడు.

“అమ్మ మురిసిపోయి ఊపుతందని అనుకున్నాన్రా,” అన్నాడు చివరికి.

“మురిసిపోతందా. ఒక్కోసారి నాలుగుసార్లు విప్పించేది. ఆయన తిట్టుకుంటా విప్పేవాడు.”

“మరి ఇన్నేళ్ళు చెప్పలేదేరా?”

“నువ్వు అడగలా. తీసుకుపోతా అన్నావ్, తీసుకుపోయావ్. పనిముట్లు నా దగ్గర, పని నీ దగ్గర. నేనేం చేసేది?” ఆమోసు గొంతులో నిష్ఠూరం లేదు. వర్షం పడిందా అని అడిగినట్టే చెప్పాడు. “బేరింగుల బండి మీద కూడా నువ్వే గదా ఎక్కింది.”

“ఆ సంగతి ఎన్నేళ్ళు చెప్తావ్రా?”

“నన్ను ఎక్కించేదాకా.” మళ్ళీ నవ్వాడు. “కత్తెర అవతల పడెయ్యి. నువ్వేసిన దారం నువ్వు పీకు. నాన్న దారం తెంపమాక, మొదలు పట్టుకు లాగితే అదే వస్తది. లోపలికి తీసి కచ్చాకుట్టే వెయ్యి. పక్కాకుట్టు ఇంట్లో వెయ్యమాక. ఒడ్డు మీద వెయ్యాల.”

మూడేసి వరసల నైలాన్ దారం పీకడం కుట్టినంత తేలిక కాలేదు. బుధవారం సాయంత్రం బాలశౌరీ లోహితా కలిసి కూర్చుంటే గంటకు జానెడు కదిలింది. జూన్ నెల, తొమ్మిదింటికి కూడా ఎండ ఉంది. బ్లేడు వాడితే గుడ్డ తెగుతుందేమోనని ఆయన గోళ్ళతోనే దారం పీకాడు.

అబిగేయిల్ డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా వాళ్ళిద్దరినీ చూసింది. లోపలికెళ్ళి ఒక చిన్న కత్తెర తెచ్చింది. కొనలో కొక్కెంలా వంగి ఉంది.

“జరుగు.”

“ఏంది అది?”

“కుట్లు విప్పే కత్తెర. ముప్పై అయిదేళ్ళు మనుషులకి విప్పాను. కింద చర్మం కదలకుండా పై దారమొక్కటే తెగాలి. నీలాగా పీకితే పేషెంటు లేచి కొట్టేవాడు.”

ఆమె వేళ్ళు ముడి కిందికి దూరి, కత్తిరించి, లాగి, పక్కన పెట్టాయి. ముడి, లాగుడు, పక్కన. లోహిత ఆ తెల్లదారం ముక్కలన్నీ ఏరి ఒక సాసర్లో వేసింది. మధ్యలో ఒకసారి అబిగేయిల్ తలెత్తకుండానే అంది, “నా రోకలి తీసేసి తెచ్చిన దానికి నా చేతే విప్పించుకున్నావు.” అందులో కోపం లేదని ముగ్గురికీ తెలుసు. గురువారం రాత్రి భోజనాలకు ముందే రెండో అతుకు కూడా ఖాళీ అయింది.

అప్పుడు బాలశౌరి తండ్రి దారం మొదలు వెతికాడు. అంచు దగ్గర చిన్న ఉచ్చు. వేలితో తగిలించి లాగాడు. ముప్పై అయిదేళ్ళు పైబడిన దారం, చెట్టు రంగులో, మైనం పట్టించి ఉంది. తెగలేదు. బారెడు, రెండు బారలు, మొత్తం అతుకు పొడుగునా ఒకే ఊపులో బయటికి జారింది. లాగితే రావడానికే వేసిన కుట్టు. లాగేవాడు ఆలస్యంగా వచ్చాడు, అంతే. ఆయన ఆ దారాన్ని పాత దారపుకండెకు చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మరుసటి రోజు చేతికుట్టుతో రెండు అతుకులూ మూడు వేళ్ళు లోపలికి తీసి వేశాడు. ఆమోసు ఫోన్లో ప్రతి పది నిమిషాలకూ, “పొడుగ్గా వెయ్యి, పిసినారిలాగా చిన్న కుట్లు వెయ్యమాక,” అంటూనే ఉన్నాడు.

శనివారం పొద్దున్నే షానన్ నది మీద ఫెర్రీలో బళ్ళు రెండూ ట్రైలర్ మీద ఎక్కాయి. పాడ్రిగ్‌ది నీలం రంగుది, తీర్చిదిద్దినట్టుంది. బాలశౌరిది అచ్చం మంచంలాగానే ఉంది. ఫెర్రీలో టిక్కెట్లు చూసే కుర్రాడు చుట్టూ తిరిగి చూసి, దానికి కార్లకు చేయించే ఎన్.సి.టి. ఫిట్‌నెస్ పరీక్ష చేయించారా అని అడిగాడు. అబిగేయిల్ కారు కిటికీ దించి, “బండికి అవసరం లేదు, నడిపేవాడికి చేయించాలి,” అంది ఇంగ్లీషులో. పాడ్రిగ్ ట్రైలర్ కదిలేలా నవ్వాడు.

ఇంచ్‌లో సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. అయిదు కిలోమీటర్ల ఇసుక, తడిగా, గట్టిగా, అడుగు వేస్తే గుర్తు కూడా సరిగా పడటం లేదు. లోహితకు ఒక్క క్షణం అది ఇసుకలా కనపడలేదు. ఎప్పుడూ చూడని ఉప్పుమళ్ళలా కనపడింది. మిగతావాళ్ళ బళ్ళు అప్పటికే దూరంగా రంగు చుక్కల్లా పోతున్నాయి. పాడ్రిగ్ తన బండి ఇంకా దించలేదు. బాలశౌరి బండి చట్రానికి తాడు కట్టి తన కారు వెనక కొక్కేనికి బిగించాడు. ఇంకోవైపు అబిగేయిల్ రెండు చేతులతో పట్టుకుంది. ఆమె కోటు మీద, నర్సులు గుండె దగ్గర వాచీ తగిలించుకునే చోట, సూది గుచ్చి ఉంది.

తెరచాప ఎత్తారు. గాలి ఒక్కసారిగా దాన్ని పట్టుకుంది. ఎర్రటి బట్ట టప్‌మని బిగిసింది. కచ్చాకుట్లు సాగాయి కానీ జారలేదు. తుమ్మచెక్క వాసన తడి గాలిలోకి లేచింది. బాలశౌరి తాడు పట్టుకుని తల పైకెత్తి నిలబడ్డాడు. అబిగేయిల్ ఆయన ముఖం చూసి, వెంటనే ఇసుక వైపు చూసింది.

“మస్తుగుంది అంకుల్,” అంది లోహిత, ఫోను తీస్తూ. “ఉండుండ్రి, వీడియో తీస్త. ఆమోసు అంకుల్‌కు పంపుదాం.”

“పంపుదువులే. ముందు ఫోను జేబులో పెట్టుకో.” ఆయన చొక్కా జేబులోంచి దారపుకండె తీసి అబిగేయిల్ చేతిలో పెట్టాడు. ఆమె కోటు మీది సూది తీసి దారం కొన ఎక్కించసాగింది. “ఇక్కణ్ణించి నాకూ బానే కనపడతంది. దగ్గర్నుంచి చూస్తే ఏ తెరచాపైనా బానే ఉంటది. నువ్వు నాకో పని చేసిపెట్టాలమ్మా. అట్టా గాలికి అడ్డం రాకుండా తిన్నగా నడుచుకుంటా పో. రెండొందల అడుగులు లెక్కపెట్టుకో. మధ్యలో వెనక్కి తిరగమాక, ఎంత చూడాలనిపించినా సరే. రెండొందలయ్యాక తిరుగు. నిమ్మళంగా చూడు, నువ్వు మాటలు వింటావే, అట్టా. పైన ఉబ్బెక్కువుంటే నీ స్కార్ఫు పైకెత్తి ఊపు. కిందుంటే కిందికి ఊపు. నేను విప్పి మళ్ళీ వేస్తా, నాలుగుసార్లయినా వేస్తా, మొహమాటపడమాక. అంతా సరిపోయిందనుకో, ఏమీ ఊపొద్దు. రెండు చేతులూ దించేసి ఊరికే నిలబడు. మా అమ్మ అట్టాగే నిలబడేది. ఊఁ, నడువు.”